వక్రాకు షిఫ్ట్

అల్ ముంతజా, దోహా
జనవరి 18

రాణీ,

ఈ కాలంలో కాగితం మీద రాయడమేమిటని నవ్వుకుంటున్నావా? నవ్వుకో. మా ఇంట్లో నా ఫోను ఉమ్మడి ఆస్తి. నువ్వు పంపే ప్రతి మెసేజీనీ నాకంటే ముందు మా అమ్మాయి సహస్ర చదివేసి, విజయరాణి ఆంటీకి మోకాలి నొప్పి తగ్గిందట అని నాకే వార్త చెబుతుంది. ఇప్పుడు చెప్పబోయేది సహస్ర సంగతే. మా ఆయన తిరుమల్‌తో అదే కంపెనీలో పనిచేసే గజేందర్ సెలవు మీద ఆర్మూరు పోతున్నాడు. నిజామాబాదులో మీ కాలేజీకి వచ్చి నీ చేతికే ఇస్తానన్నాడు. కవరు బరువు చూసి భయపడకు, అందులో సగం పట్టికే.

మేము ఇల్లు మారాలి. పన్నెండేళ్ళుగా ఉంటున్న ఈ బిల్డింగును కూలగొడతారట. మార్చి ఆఖరుకల్లా ఖాళీ చేయమని లిఫ్టులో కాగితం అంటించారు. సరిగ్గా ఏప్రిల్లోనే సహస్ర తొమ్మిదో తరగతిలోకి వస్తుంది, ఇప్పటి బడిలో ఎనిమిదితో సరి. అంటే ఇల్లూ బడీ రెండూ ఒకేసారి వెతకాలి. ఇక్కడి సర్కారు బడులు మనబోటి వాళ్ళకు అందేవి కావు. ఇండియన్ స్కూళ్ళలోనేమో సీట్లు దొరకడమే గగనం. మాకు కాస్త ఆశ ఉన్నవి మూడే, మూడూ ఊరి అంచుల్లో ఉన్నాయి: అబూ హమూర్‌లో ఒకటి, వక్రాలో ఒకటి, అల్ షహానియా పోయే రోడ్డులో ఒకటి. ముందు బడి తేల్చుకుని, దాని పక్కన ఇల్లు చూద్దామన్నాను. ఆ మాట మా అత్తమ్మ రాములవ్వ మెట్‌పల్లి నుంచి ఫోనులో విని, "ఇల్లు దొర్కినకాడ బడి జూస్తరు గని, బడి దొర్కినకాడ ఇల్లు జూసుడేందే? దుబాయ్‌ల అన్నీ ఉల్టానేనా?" అంది. ఇది దుబాయ్ కాదని చెప్పడం మానేసి చాలా ఏళ్ళయింది.

నువ్వూ నేనూ ఒకే హాస్టలు గదిలో ఉండి ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివిన వాళ్ళం. ఏం చేసి ఉంటానో నీకు వేరే చెప్పాలా? పట్టిక గీశాను. పద్నాలుగు అంశాలు, ఒక్కోదానికి వెయిటేజీ, మొత్తం వంద. పదో తరగతి ఫలితాలు, ల్యాబు, క్లాసుకు ఎంతమంది, టాయిలెట్లు, ఏడాదిలో ఎందరు టీచర్లు మానేశారు, అన్నీ. మూడు బడులూ తిరిగి చూశాం. తిరుమల్ సేఫ్టీ ఆఫీసరు కదా, మనిషిని ఎక్కడికి తీసుకుపోయినా డ్యూటీ దిగడు. అబూ హమూర్ ప్రిన్సిపాలు మేడమ్ పిల్లల సర్వతోముఖ వికాసం గురించి చెబుతుంటే ఈయన లేచి గోడకున్న ఎర్ర సిలిండరును తిప్పి చూసి, "మేడమ్, గిది పోయిన నవంబర్లనే ఎక్స్‌పైర్ అయింది," అన్నాడు. వికాసం అక్కడే ఆగిపోయింది. నేను ఆ బడికి భద్రత కింద రెండు మార్కులు తగ్గించి, తగ్గించినందుకు ఇంటికొచ్చేదాకా బాధపడ్డాను.

మా పై అంతస్తులో బోధన్ వాళ్ళున్నారు, లియాఖత్ అలీ భాయి, వజీరున్నీసా ఆపా. భాయి వక్రా స్కూలు బస్సు నడుపుతాడు. ఎలా ఉంటుందా బడి అని అడిగాను. "పాఠాలు నాకెర్క లేదు చెల్లే. పోరగాళ్ళు దిగేటప్పుడు సలాం జెప్తరా, సీటు కింద చిప్స్ పాకిట్లు పడేస్తరా, గంతే నేను జూసేది. మా పోరగాళ్ళు సలామూ జెప్తరు, పాకిట్లూ పడేస్తరు," అన్నాడు. నాకు అంతకన్నా నిజాయితీగా ఎవరూ చెప్పలేదు. దాన్ని కూడా ఒక అంశంగా పెట్టి అయిదు మార్కులిచ్చాను.

లెక్క తేలింది. వక్రా 71.4. అబూ హమూర్ 70.9. షహానియా రోడ్డు బడికి యాభై ఎనిమిది. తిరుమల్ కాగితం చూసి, "పేరే వక్రం. గీ అర మార్కు కోసం నేను రోజూ గా కొసకు, లుసైల్ సైటు దాంక బండి తోలాల్నా?" అని, కాగితం నా చేతికి తిరిగిచ్చి, "సరే, నీ లెక్క గట్లొస్తే గట్లనే కానియ్," అన్నాడు. ఆ మాట అనకపోయినా బాగుండేది. ఒక్కసారి నువ్వు సరిచూడు రాణీ. అర మార్కు మీద ఒక ఇల్లు, ఒక పిల్ల చదువు ఆధారపడ్డాయి.

కూడిందే పదిసార్లు కూడుకుంటున్న
మాలతి


అల్ ముంతజా
ఫిబ్రవరి 22

రాణీ,

గజేందర్ నిన్ననే వచ్చాడు. నువ్వు పంపిన కారప్పూస సగం సహస్ర పొద్దుటే ఖాళీ చేసింది. దాని కింద నీ చీటీ. "కూడిక మంచిగనే ఉన్నది. టాయిలెట్లకు మూడు మార్కులిచ్చి, పన్నెండో వరుసల ఇతరములు అని రాసి ఇరవై ఇచ్చినవ్. గండ్ల ఏమున్నదే?" అని రెండే రెండు ముక్కలు. హాస్టల్లో కూడా నా పెట్టె అడుగున దాచినది నీకే దొరికేది.

చెబుతాను. సహస్రకు రెండేళ్ళున్నప్పుడు మీ కాలేజీలో నా ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఇక్కడికి వచ్చాను. ఎవరూ బలవంతపెట్టలేదు, ముగ్గురం ఒకచోట ఉండాలని నేనే అనుకున్నాను. పిల్ల కాస్త పెద్దయ్యాక చూద్దామనుకున్నాను. తర్వాత బడిలో వేశాక, ఆ తర్వాత మూడో తరగతి అయ్యాక, ఆ తర్వాత కరోనా పోయాక. చూద్దాం అన్న మాట మీదే పన్నెండేళ్ళు గడిచిపోయాయి. నాకు పెద్దగా బాధ కూడా అనిపించలేదు, పోయిన ఏడాది దాకా. ఒకరోజు సహస్ర హోంవర్కులో సంభావ్యత లెక్క వచ్చింది. సంచిలో ఎర్ర గోళీలు నాలుగు, నీలివి ఆరు. నేను పొయ్యి కట్టేసి, చేతులు తుడుచుకుని, ఉత్సాహంగా పక్కన కూర్చున్నాను. అది పుస్తకం పక్కకు జరుపుకుని, "నీకు రాదులే మమ్మీ, ట్యూషన్ సారును అడుగుతా," అంది. ఎంత మామూలుగా అందనుకున్నావు, కారం తక్కువైంది అన్నట్టు. నేను వెళ్ళి మళ్ళీ పొయ్యి వెలిగించాను. ఎనిమిదేళ్ళు డిగ్రీ పిల్లలకు అదే పాఠం చెప్పానని దానికి తెలియదు. తప్పు దానిది కాదు, నేనెప్పుడూ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ నాకు తెలియదు. గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందనేమో.

బడులు చూడబోయిన రోజున వక్రా స్కూలు నోటీసు బోర్డు మీద గణితం టీచరు కావాలని ఉంది. ఆ రాత్రే పట్టికలో పన్నెండో వరుస పుట్టింది. ఆ ఇరవై తీసేసి చూశాను, అబూ హమూర్ గెలిచింది. మళ్ళీ పెట్టాను, వక్రా గెలిచింది. ఇలా వారం రోజులు తీసి పెట్టాను. నేను బడి ఎంచుతున్నది పిల్లకా, నాకా? పిల్లల దగ్గర ఒక్క అంకె కూడా దిద్దనివ్వని మనిషిని, సొంత మొగుడి దగ్గర డేటా దిద్దాను.

అది చాలదన్నట్టు దరఖాస్తు కూడా పెట్టాను. వజీరున్నీసా ఆపాతో బజారుకు పోతున్నానని చెప్పి ఇంటర్వ్యూకు పోయాను. ఆపా నిజంగానే బజారుకు పోయింది కనుక సగం అబద్ధమే. డెమో క్లాసులో మొదటి రెండు నిమిషాలు తుడిచిన బోర్డే తుడిచాను, తర్వాత బెల్లు కొట్టినా ఆపలేదు. వైస్ ప్రిన్సిపాలు సంతోషపడ్డట్టే ఉంది. చివర్లో "షిఫ్ట్ ఓకేనా మీకు?" అని అడిగింది. ఇల్లు సంగతి అడుగుతోందనుకుని, ముందే నిర్ణయించుకున్నాం మేడమ్, షిఫ్ట్ ఖాయం అన్నాను. అదే రోజు కౌంటర్లో సహస్ర అడ్మిషన్ ఫీజూ కట్టేశాను. అక్కడ బుర్హానుద్దీన్ అని హైదరాబాదు గుమస్తా, "షిఫ్ట్ హోనా?" అన్నాడు. హా, షిఫ్ట్ అన్నాను. "పక్కా?" అన్నాడు. పక్కా, మార్చిలోనే అన్నాను. నా వంక జాలిగా చూసి రాసుకున్నాడు. ఇల్లు మారే బాధ ఆయనకూ తెలిసినట్టుంది, మంచి మనిషి.

ఇక్కడ భర్త వీసా మీద ఉన్న ఆడవాళ్ళు ఉద్యోగంలో చేరాలంటే నాకు అభ్యంతరం లేదని భర్త రాసివ్వాలి. రేపు తెస్తానని చెప్పి వచ్చాను. ఆ రేపు ఇంకా రాలేదు. అర మార్కు తేడాను నమ్మి లుసైల్ దాకా బండి తోలడానికి ఒప్పుకున్న మనిషితో, ఆ అర మార్కు నేనే పెట్టానని ఎలా చెప్పను?

నీ దగ్గర తప్ప ఎక్కడా నోరు పెగలని
మాలతి


అల్ వక్రా
ఏప్రిల్ 10

రాణీ,

చిరునామా చూశావుగా, వచ్చేశాం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుందని బ్రోకరు చెప్పాడు. బాల్కనీలో స్టూలు వేసుకుని నిలబడితే నిజంగానే కనిపిస్తుంది.

ఈ ఇంట్లో దిగిన మూడో రోజు లియాఖత్ భాయి ఫోన్ చేశాడు. "చెల్లే, బేటీ పేరు నా మధ్యాహ్నం లిస్టుల ఉన్నదేంది?" అన్నాడు. ఎవరిదో అయి ఉంటుందన్నాను. ఇంటిపేరుతో సహా చదివాడు. రసీదు తీసి చూశాను. పేరు పక్కన ఎస్, రెండు గీతలు. సెకండ్ లాంగ్వేజీ అనుకున్నాను ఇన్నాళ్ళూ. సీట్లు చాలక ఈ బడిలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి సాయంత్రం దాకా ఇంకో బ్యాచు నడుపుతున్నారు. ఆ ఎస్ షిఫ్టు, ఆ రెండు గీతలు సెకండ్ అట. పరుగున పోతే బుర్హానుద్దీన్ ఏమాత్రం కంగారు లేకుండా, "ఆప్ హీ బోలే నా అమ్మా, మీరే అంటిరి షిఫ్ట్ అని. పక్కా హై క్యా అని గూడ అడిగితిని," అన్నాడు. పొద్దుటి సీట్లన్నీ నిండిపోయాయట. వైస్ ప్రిన్సిపాలు అడిగిన షిఫ్టూ ఇదేనని వచ్చే దారిలో తట్టింది. ఇంటికి చేరేసరికి మెయిలు వచ్చి ఉంది. నన్ను తీసుకున్నారు. సెకండ్ షిఫ్ట్, తొమ్మిదో తరగతి గణితం. ఒక్క మాటతో తల్లినీ పిల్లనూ ఒకే గదిలో పడేశాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. ఆ శుక్రవారం టీ దగ్గర ఇద్దరినీ కూర్చోబెట్టి మొత్తం చెప్పాను, పన్నెండో వరుసతో సహా. నేననుకున్నట్టు తిరుమల్ ఉలిక్కిపడలేదు. లోపలికి పోయి తన సైటు ఫైలు తెచ్చి ఒక కాగితం తీశాడు. అభ్యంతరం లేదన్న ఆ కాగితం నేను తేకపోయేసరికి స్కూలు వాళ్ళు ఫిబ్రవరిలోనే నేరుగా ఆయనకు ఫోన్ చేశారట. అదే రోజు రాసి పంపేశాడు, ఇది నకలు. మా ఆయన రాతలో ఎక్కడికి పోతుంది ఆ అలవాటు: పైన తెలిపిన వ్యక్తి ఈ పని చేయడం వల్ల ఇంట్లో ఎవరికీ ఎలాంటి ప్రమాదం లేదని తనిఖీ చేసి ధ్రువీకరిస్తున్నాను. కింద సంతకం, తేదీ, కంపెనీ హోదా.

నవ్వబోయి ఆయన మొహం చూసి ఆగాను.

"నెలన్నర సంది ఫైల్ల పెట్టుకొని తిరుగుతున్న," అన్నాడు. "ఇయ్యాల జెప్తవ్, రేపు జెప్తవ్ అని. నేనేమన్న వద్దంటనా మాలతీ? వద్దంటనని ఎట్లనుకున్నవ్?"

వద్దనడని తెలుసు. అడిగితే సరేనంటాడనీ, అప్పుడిక ఉద్యోగం రాకపోతే నాకు పాఠం చెప్పడం రాదనే తేలిపోతుందనీ భయం. ఆ మాటే చెప్పాను. ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేసి, "పట్టికల గీ భయానికి ఎన్ని మార్కులిచ్చినవ్?" అన్నాడు. అప్పుడు నవ్వాం.

సహస్ర నవ్వలేదు. మధ్యాహ్నం బడి అనగానే, తొమ్మిదింటి దాకా పడుకోవచ్చా అని సంబరపడింది. తర్వాత లెక్కల టీచరెవరో అర్థమైంది. "మా క్లాసుకా? నువ్వా?" అని లేచి గదిలోకి పోయి తలుపేసుకుంది. పద్నాలుగేళ్ళ పిల్లకు అంతకు మించిన ఆపద ఏముంటుంది చెప్పు? కొత్త బడి, కొత్త స్నేహితులు, బోర్డు దగ్గర అమ్మ. ఆ రాత్రి చేరలేనని స్కూలుకు మెయిలు రాసి, పంపకుండా దాచాను. నాకు పంపడం అలవాటు లేదని నీకు తెలుసు. ఎప్పటికి చేరతారని వాళ్ళు అడిగితే ఇల్లు సర్దుకోవాలని పది రోజులు గడువు తీసుకున్నాను.

బడి తెరిచారు. ఆ పది రోజులకు వాళ్ళ క్లాసుకు ఎవరో తాత్కాలికం సారును వేశారు. సహస్ర నాతో అవసరమైనంత మాట్లాడింది, అంటే అన్నం, యూనిఫాం, వైఫై. నిన్న గురువారం బస్సు దిగి వచ్చి, బ్యాగు దించకుండానే వంటింటి గడప మీద నిలబడింది.

"మమ్మీ, నువ్వు కాలేజీల ఎన్నేండ్లు చెప్పినవ్?"

ఎనిమిదన్నాను.

"నాకెందుకు చెప్పలే?"

అడగలేదు కదా అన్నాను. అది మంచి జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

"ఆ సారు గైడు జూసి బోర్డు మీద ఎక్కిస్తున్నడు. తప్పుంది సార్ అంటే, గైడుల గిట్లనే ఉన్నది కూర్చో అన్నడు." బ్యాగు దించి గడప పక్కన పెట్టింది. "నువ్వే రా. కానీ క్లాసుల నన్ను బుజ్జీ అంటివా, నేను షహానియా బడికి పోత. చెప్తున్న." పోతూ పోతూ వెనక్కి తిరిగింది. "ఆ సారుకన్న నువ్వే నయం."

నిన్నటి నుంచి ఆ మాటే తిరగేసుకుంటున్నాను రాణీ. నయం అంది, మంచి టీచరువి అనలేదు. పోల్చింది ఒకే ఒక్క సారుతో. చెప్పింది ఒకే ఒక్క విద్యార్థి, అదీ నా పాఠం ఒక్కటీ వినకుండా. ఇంత చిన్న శాంపిలు పట్టుకుని ఏ నిర్ణయానికీ రాకూడదని మనిద్దరం ఎన్ని బ్యాచులకు చెప్పి ఉంటాం?

ఆదివారం చేరుతున్నాను.

తొమ్మిదో తరగతి, సెకండ్ షిఫ్ట్ లెక్కల మేడమ్
నీ మాలతి