పస్తుంచిన మడి

గౌరవనీయులైన శోభ మేడం గారికి,

దేవరుప్పుల, కాటారం మడుల ప్రయోగ ఫలితాలు పంపుతున్నాను. గూడూరువి పంపలేను.

ఇంధనం కోసం పెంచే నేపియర్ గడ్డికి అక్కడ ఒక మడిలో ఎరువుకు బదులుగా వేళ్ల దగ్గర బతికే బ్యాక్టీరియా పట్టించాం. పోల్చి చూడటానికి రెండో మడికి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. మన రైతు మంగ్యా మాత్రం రెండు నెలలుగా దానికి పేడనీళ్లు పోస్తున్నాడు. గట్టిగా అడిగాను.

"పక్కది పచ్చగుండి గిది ఎర్రవడుతుంటే ఎట్ల సూస్తుండాలె సారూ? తండల నాకు యవుసమే రాదంటరు" అన్నాడు.

రెండేళ్ల పని పేడనీళ్లలో కొట్టుకుపోయింది.

అతన్ని మార్చి వేరే రైతును పెట్టమని మీరన్నారు. మార్చకండి. ఆ మడిని ఎందుకు పస్తుంచామో ఈ రెండేళ్లలో నేనతనికి ఒక్కసారి కూడా చెప్పలేదు. మొన్నటి నివేదికలో "రైతు తప్పిదం" అని రాశాను. ఆ మాట కొట్టేసి నా పేరు రాయండి.

ఇట్లు,
ప్రాజెక్టు సమన్వయకర్త