ఆయన పేరు కుట్టిన చీరలు

మంగళవారం, విజయవాడ

నేనూ తమ్ముడు రవీ నడిపే మా చేనేత చీరల కొట్టుకి ఈరోజు చల్లపల్లి నుంచి వీరాస్వామి గారు వచ్చారు. ఏళ్ల తరబడి మాకు చీరలు నేసిచ్చే మనిషి.

"మూణ్ణెల్లుగా ఒక్క చీరా వద్దంటున్నారు. నా నేతలో ఏమన్నా తేడా వచ్చిందాండీ?" అని అడిగారు.

నాకేమీ అర్థం కాలేదు. అరల నిండా ఆయన పేరున్న లేబుల్ కుట్టిన చీరలే ఉన్నాయి. ఆయన ఒకదాని అంచు తిప్పి చూసి, "ఇది మరమగ్గం మీదదమ్మా, నాది కాదు" అన్నారు.

రవిని నిలదీస్తే, "ఖర్చు తగ్గించమని నువ్వేగా అన్నావక్కా" అన్నాడు. నేనన్నది కరెంటు గురించి, అట్టపెట్టెల గురించి. వీరాస్వామి గారి ముందు తల ఎత్తలేకపోయాను.

సాయంత్రం ఆ లేబుళ్లన్నీ కత్తెరతో విప్పుతూ కూర్చున్నాను.

"ఆ పేరు లేకపోతే ఎవరు కొంటారక్కా?" అన్నాడు రవి.

అంటే ఆ పేరు విలువ వాడికి ముందే తెలుసు.