క్యారియర్ బిగించేదాకా నోరెత్తను

జూలై 5, శనివారం. ఉదయం 7:10

ఈ రోజు నుంచి మౌనం!

పూర్తి మౌనం కాదు. అన్నానికి పిలవచ్చు. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడగచ్చు. ఆయన చేసే పని గురించి మాత్రం ఒక్క మాట అనకూడదు. తప్పు దిద్దకూడదు. సలహా ఇవ్వకూడదు. "అలాగా...?" అని సాగదీయకూడదు (ఇది మా అమ్మాయి సుమిత చేర్చిన షరతు). గడువు, కారవాన్ ముందు భాగాన క్యారియర్ బిగించేదాకా. అంటే రెండు వారాలు. 19న సముద్రపు ఒడ్డున చెరాటింగ్‌కి ప్రయాణం.

ఆయనంటే రామదాసుగారు, మా ఆయన. పోర్ట్ క్లాంగ్ రేవులో, కంటెయినర్ యార్డులో ముప్పై నాలుగేళ్ళు పని చేసి మార్చిలో రిటైరయ్యారు. ఆ రోజు సోఫాలో కూర్చున్నవారు జూన్ దాకా లేవలేదు. సారోంగ్ లుంగీ తీసి ప్యాంటు వేసుకున్నది లేదు. ఒక రోజు ఉన్నట్టుండి తెలిసినాయన దగ్గర పాత కారవాన్ కొనేశారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్ళే చిన్న ఇల్లు. ఇద్దరికి సరిపోయే మంచం, దోసెడంత సింకు.

"పుష్పా, మనిద్దరిమే ఎల్దాం" అన్నారు. పెళ్ళై ముప్పై మూడేళ్ళు. ఇద్దరమే ఎక్కడికీ వెళ్ళలేదు.

దానికి నేనేమన్నాను? "నా గ్యాసు పొయ్యి ఏడ పెడతారు? గిన్నెలు? రుబ్బుడు మిషను?"

ముఖం వాడిపోయింది. కాసేపటికి మళ్ళీ వెలిగింది. కారవాన్ ముందు భాగంలో, కారుకి తగిలించే కొక్కెం వెనక, త్రికోణంగా ఇనుప చట్రం ఉంటుంది. దాని మీద క్యారియర్ అనే ఇనుప బుట్ట బిగిస్తే సామానంతా అందులో పట్టేస్తుందట. తానే బిగిస్తారట. ఎవరి సాయమూ వద్దట. అంటే ఈ పని మొత్తం నా గిన్నెల కోసమే. ఇది నేను గుర్తుపెట్టుకోవాలి.

రాత్రి సుమిత సైబర్‌జయ నుంచి ఫోను చేసింది. "అమ్మా, నాన్న మూడు మాసాలకి ఇప్పుడే లేచినారు. నువ్వు ఒక్క మాట కరెక్ట్ చేస్తే మళ్ళీ కూర్చుంటారు. ప్రామిస్ చెయ్యిలా." (మాట చివర ఆ "లా" ఇక్కడి వాళ్ళ అలవాటు, ఎంత దిద్దినా పోలేదు.)

చేశాను. ఇరవై రెండేళ్ళు ఆదివారం తెలుగు తరగతి చెప్పినదాన్ని. చేతిలో ఎర్ర కలం లేకపోయినా కళ్ళు దిద్దుతూనే ఉంటాయి. ఒకసారి ఇంటికొచ్చిన శుభలేఖలో ఆరు తప్పులు దిద్ది పెళ్ళికొడుకు తండ్రికే తిరిగి ఇచ్చాను. ఆ పెళ్ళిలో మమ్మల్ని చివరి పంక్తిలో కూర్చోబెట్టారు.

కానీ మనిషి మారదా? మారుతుంది! ఈ రోజే!

7:40
"ఆ కళ్ళద్దాలు పెట్టుకుని డ్రిల్లు పట్టుకోండి" అన్నాను.
ఇది లెక్కలోకి రాదు. కంటికి సంబంధించినది.

జూలై 6, ఆదివారం

నోరు జారినవి: 5. స్పానరు సైజు గురించి ఒకటి. కొలత టేపు వంకరగా ఉందని ఒకటి. ఎండలో చెయ్యద్దని రెండు. అయిదోది పని గురించి కాదు, ఆయన అన్నట్టు "క్యారియల్" కాదు "క్యారియర్" అని. అది భాషకి సంబంధించినది. సగం మార్కు తీసేయచ్చు.

జూలై 7, సోమవారం

దగ్గు మాట కాదు.
బోల్టు ఏటవాలుగా దిగుతుంటే దగ్గాను. ఆయన తలెత్తి చూశారు. సరిచేశారు. మళ్ళీ దగ్గాను. మళ్ళీ సరిచేశారు. అద్భుతమైన పద్ధతి!
సాయంత్రం నాకు దగ్గుమందు సీసా తెచ్చి ఇచ్చారు. రెండు చెంచాలు తాగాల్సి వచ్చింది. చేదు.

జూలై 8, మంగళవారం

ఫ్రిజ్ మీద ఒక చీటీ అంటించాను: "నట్టుకి ముందు వాషరు వేయవలెను." సంతకం లేదు.
ఆయన చదివారు. "ఇదెవులు రాసినారో గాని, అచ్చరాలు మరీ గుండ్రంగా ఉన్నాయే" అన్నారు. నేను కొత్తిమీర తరుగుతూనే ఉన్నాను.

జూలై 9, బుధవారం

ఈ రోజు సంగతి రాయడానికి సిగ్గుగా ఉంది. రాస్తాను.

మల్లెచెట్టుకి నీళ్ళు పోస్తున్నాను. ఆయన మూడడుగుల దూరంలో చట్రం కింద పడుకుని నట్టు తిప్పుతున్నారు. నేను మల్లెచెట్టుతో, "సూసినావా తల్లీ, ఎడంపక్క పైకి, కుడిపక్క కిందకి ఉన్నాది. కళ్ళున్నోలికి కనపడతాది" అన్నాను.

తరగతిలో ఎంత శుద్ధంగా మాట్లాడినా, ఎవరినైనా దెప్పేటప్పుడు నా నోటికి మా సుంగై సుమున్ ఊరి మాటే వస్తుంది.

నట్టు చప్పుడు ఆగింది. ఆయన బయటికి వచ్చారు. స్పానరు నేల మీద మెల్లగా పెట్టారు. విసిరినా బాగుండేది. లోపలికి వెళ్ళి సోఫాలో అదే మూల కూర్చున్నారు. టీవీ పెట్టారు, శబ్దం లేకుండా. రెండు గంటలు.

టీ ఇచ్చాను. తీసుకున్నారు. తాగలేదు.

నాకు భయం వేసింది. ఆ మూడు నెలలు మళ్ళీ వద్దు. ఇక దగ్గులు, చీటీలు, మొక్కలతో కబుర్లు అన్నీ బంద్. దేవుడి ముందు దీపం పెట్టి చెప్పాను.

జూలై 10, గురువారం

సున్నా! ఉదయం ఆయన మళ్ళీ ప్యాంటు వేసుకుని బయటికి వెళ్ళారు. నేను వంటింట్లోంచి కదల్లేదు.

జూలై 11

సున్నా.

జూలై 12, శనివారం

సున్నా. మూడో రోజు! సుమితకి మెసేజ్ పెట్టాను. మూడు బొటనవేళ్ళు పంపింది. ఇంత సులువని తెలిస్తే ముప్పై మూడేళ్ళు గొంతు అరగదీసుకునేదాన్నా? నాలాంటి ఆడవాళ్ళకి ఒక తరగతి పెట్టచ్చు. "మౌనం, మూడు పాఠాలలో."

జూలై 13, ఆదివారం

బుట్ట నిలబడింది! నల్ల రంగు వేశారు. నా పొయ్యి, గిన్నెల పెట్టె, రుబ్బుడు మిషను అన్నీ పట్టేంత ఉంది. నిజం చెప్పాలంటే అవసరానికి మించి ఉంది.

నన్ను పిలిచారు. "ఎలగున్నాది?"
"బాగుంది."
ఆయన ఆగారు. "అంతేనా?"
"అంతే."
చాలాసేపు నా ముఖంలోకి చూశారు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు. నా మార్పు చూసి ఆశ్చర్యపోయి ఉంటారు. నాలుగో రోజు, సున్నా!

జూలై 14, సోమవారం

వంటింటి కిటికీలోంచి చూశాను. కారుకి కారవాన్ తగిలించి, ఇంటి ముందు సందులో కొద్దిగా ముందుకీ వెనక్కీ జరిపి చూసుకుంటున్నారు. కారు ఒక పక్కకి తిరిగినప్పుడు బుట్ట మూల వచ్చి కారు వెనక లైటుకి నాలుగు వేళ్ళ దూరంలో ఆగింది. ఆ కాస్త మలుపుకే అంత దగ్గరైతే, రోడ్డు మీద నిజం మలుపుకి తగలదా? తగులుతుంది. అది చూడ్డానికి ఇంజనీరు అవక్కర్లేదు.

గరిటె పట్టుకునే గుమ్మం దాకా వెళ్ళాను. నోరు తెరిచాను.
మూసుకున్నాను.

ఎందుకంటే:
ఆయన కొలిచే ఉంటారు.
ముప్పై నాలుగేళ్ళు లారీల మీద పెట్టెలు ఎక్కించిన మనిషి, తెలియదా?
పక్కింటి పకీరిసామి వెల్డింగ్ షాపు నడిపేవాడు, దారిన పోతూ చూసే ఉంటాడు.
నేనంటే మళ్ళీ సోఫా.

డైరీలో అబద్ధం రాసి ఏం లాభం? అసలు కారణం వేరే. అయిదో రోజు సున్నా రాయాలి. అదీ కారణం.

సున్నా.

జూలై 15, మంగళవారం

మూడుసార్లు గుమ్మం దాకా వెళ్ళి వచ్చాను. మూడోసారి ఆయనే అడిగారు. "ఏటైనా సెప్పాలా?"
"అన్నంలోకి చేపలు వేపనా, పులుసు పెట్టనా?"
"నీ ఇట్టం."
పులుసు పెట్టాను. ఇద్దరం సరిగ్గా తినలేదు. సున్నా.

జూలై 16, బుధవారం

ఉదయం వారపు సంత జరిగే ఖాళీ మైదానానికి వెళ్ళాం, కారవాన్ తగిలించుకుని తిప్పి చూడ్డానికి. నేను పక్క సీట్లో. తిన్నగా పోయినంతసేపూ బాగానే ఉంది. ఆయన ఈల కూడా వేశారు. నెలల తర్వాత విన్నాను. అప్పుడైనా చెప్పాల్సింది. ఈల ఆపడం ఇష్టం లేక... కాదు, అదీ సాకే.

స్టీరింగు కుడివైపు పూర్తిగా తిప్పారు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఫట్!

దిగాం. వెనక లైటు ముక్కలు ఎర్రగా నేలంతా. కారు మూల లోపలికి నొక్కుకుపోయింది. బుట్ట మూల అందులో దిగబడి ఉంది. ఆయన చూశారు. వెళ్ళి రోడ్డంచున సిమెంటు గట్టు మీద కూర్చున్నారు.

"ముప్పై నాలుగేళ్ళు ఆ పెట్టెల మజ్జిన లారీలు తిప్పించినాను. ఒక్క గీత పడనేదు" అన్నారు, నేలకేసి చూస్తూ.

"నాకు తెలుసండి" అన్నాను.

"ఏటి తెలుసు?"

"తగులుతాదని. మొన్న కిటికీలోంచి సూసినాను."

అరుస్తారనుకున్నాను. అరవలేదు. "సూసి, సెప్పనేదా?"

"మీ పని గురించి నోరెత్తనని సుమితకి మాటిచ్చినాను. వారం బట్టి..."

ఆయన తల తిప్పి చూశారు. మైదానం అవతల ఎవరో కోళ్ళ బుట్టలు దింపుతున్నారు.

"పెళ్ళైన మర్నాడు నా సొక్కా గుండీ తప్పు కన్నంలో ఎట్టినానని నడిఈదిలో నన్ను ఆపినావు గుర్తుందా? అప్పటి సంది నువ్వు ఊరుకున్న రోజు నేదు. అలాంటిదానివి 'బాగుంది' అని ఒక్క మాట అనేసి లోపలికెలిపోతే నానేటనుకోవాల? దీనికి నాతోటి రావడం ఇట్టం నేదు, ఏదో పోనీలే అని ఊరుకుంటన్నాది అనుకున్నాను. నిన్న పకీరిసామిని అడిగినాను, ఈ కారవాన్ కొనేవోలు ఎవులైనా ఉన్నారేటని."

నా అయిదు సున్నాలూ, నిన్నటిది కలిపి ఆరు, ఒక్కొక్కటీ వచ్చి నా నెత్తి మీద పడ్డాయి.

ఏడవాల్సిన సమయం. ఏడుపు రాలేదు. మాటలు వచ్చాయి. "బుట్ట జానెడు ఎనక్కి జరపాల. అంత ఎడల్పు ఎందుకు, నాకున్నవి నాలుగు గిన్నెలే. ఎడంపక్క ఇంకా పైకే ఉన్నాది. వాషర్లు రెండు ఏయనేదు. రుబ్బుడు మిషను అడుగున పెట్టాల, పైన కాదు. రంగు ఆరకముందే ముట్టుకున్నారు, మీ వేళ్ళు పడ్డాయి..."

మూడోదాకా తల ఊపారు. ఆరోదానికి "సాలు లా, పుష్పా" అన్నారు. నేను ఆగలేదు. "ఏడోది, ఆ మజ్జినున్న బోల్టు తిరగబడి ఉన్నాది."

ఆయన లేచారు. "అది తిరగబడనేదు."
"తిరగబడింది."
"రా, సూపిస్తాను."

ఇద్దరం చట్రం కింద తలలు పెట్టాం. తిరగబడలేదు. దాన్ని కింది నుంచే బిగించాలట, పైనుంచి పెడితే కొక్కేనికి అడ్డొస్తుందట. ఏడోది నా తప్పు. ఆయన ముఖం చూడాల్సింది. రిటైరైనప్పుడు పూలదండ వేసినా అంత ఆనందపడలేదు.

నోరు జారినవి: లెక్క పెట్టలేదు.

జూలై 17, గురువారం

పకీరిసామి వచ్చాడు. బుట్ట చూసి, "అణ్ణా, ఇంత పెద్దది ఎందుకులా? అక్క కల్యాణ మండపానికి వండుతారా?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. ఆయన నవ్వారు.

రెండు మూలలూ కోసి, బుట్ట జానెడు వెనక్కి జరిపారు. కొలిచింది ఆయన, కోసింది పకీరిసామి. కారు స్టీరింగు తిప్పింది నేను. అటూ ఇటూ పూర్తిగా తిప్పి చూడాలి కదా, ఆయన కింద వంగి చూడాలి.

"మెల్లగా, పుష్పా! ఇటు కాదు, అటు! బ్రేకు మీద కాలు ఉన్నాదా? అద్దం సూడు!"

పావుగంటలో పన్నెండు సలహాలు. ఒక్కటీ ఉపయోగం లేదు. అప్పుడు తెలిసింది, ఇన్నేళ్ళు ఆయన ఎలా భరించారో. నాలుగోదానికే దిగిపోదామనుకున్నాను.

ఏ పక్క తిప్పినా ఇప్పుడు అరచెయ్యంత దూరం ఉంది. రేపు కొత్త లైటు వేస్తారు.

సుమిత ఫోను. "అమ్మా, ఈ రోజు ఎన్ని?"
"నాన్నవి పన్నెండు. నావి చెప్పను."

జూలై 20, ఆదివారం. చెరాటింగ్. సాయంత్రం 5:30

నిన్న మధ్యాహ్నానికే చేరాం. హైవే మీద గంటకోసారి ఆపి బోల్టులు చూశారు. నేనేమీ అనలేదు. అంటే, అడగక ముందే ఆయనే ఆపారు కాబట్టి అవసరం పడలేదు. ఒక్కటి కూడా వదులు కాలేదు.

కారవాన్ తలుపు తీస్తే ఎదురుగా సముద్రం. మధ్యాహ్నం ఆయన పడక కుర్చీలో నిద్రపోయారు. సోఫా నిద్ర కాదిది, నోరు తెరుచుకుని, పని చేసి అలిసిన మనిషి నిద్ర. నేను పక్కన కూర్చుని చాలాసేపు చూశాను. చొక్కా గుండీలన్నీ సరిగ్గానే ఉన్నాయా అని చూశాను, అది వేరే సంగతి.

సంకల్పం పాడైపోయింది. ఒప్పుకుంటున్నాను. నిజానికి ఆ ఆరు సున్నాలే అన్నిటికన్నా పెద్ద తప్పు. అందుకని కొత్తది, సరైనది:

చూసింది చెప్తాను. ఒకే ఒక్కసారి. రెండోసారి చెప్పను. "నేను ముందే చెప్పాను కదా" అనను. మొక్కలతో అసలు మాట్లాడను.

రేపు ఉదయం ఆరింటి నుంచి అమలు. ఈసారి ఖాయం!

ఆయన కారవాన్ పక్కన ఎండ తగలకుండా గుడ్డ పందిరి వేస్తున్నారు. గాలి సముద్రం మీంచి వస్తుంటే, పందిరి నోరు సముద్రం వైపే పెట్టి కడుతున్నారు. ఎగిరిపోతుంది.

ఒకసారి చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

ఆరింటికి ఇంకా పన్నెండున్నర గంటలుంది. వెళ్తున్నాను.