బదనిక వేళ్లు

నాన్నా,

పొద్దున బాల్కనీలో నీళ్లు చిలకరిస్తే బదనిక అనే ఈ ఆర్కిడ్ తెల్లటి వేళ్లు చూస్తుండగానే ఆకుపచ్చగా మారాయి. చెట్టును తినేస్తుందని మైలవరం మామిడితోటలో ఏటా నువ్వు కొడవలితో గీకి పారేసిన మొక్కే ఇది.

"ఇది కొమ్మను పట్టుకుంటుందంతే నాన్నా, చెట్టు నుంచి ఏమీ తాగదు" అని ఒకసారి గొణిగాను.

"నీ పుస్తకం మామిడిచెట్టు చదవలేదే అమ్మలూ" అని నవ్వావు. నేను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

దీని వేళ్ల చుట్టూ చచ్చిన కణాల పొర ఉంటుంది. అది వాననీటిని దూదిలా పీల్చుకుని లోపలికి అందిస్తుంది; తడిసినప్పుడు లోపలి పచ్చదనం బయటికి కనిపిస్తుంది. మందపాటి ఆకులు ఆ నీటిని ఎండాకాలానికి దాచుకుంటాయి. వేళ్లు రంగు మారడం ఒక్కసారి చూపించి ఉంటే నమ్మేవాడివి. చెంబెడు నీళ్లు సరిపోయేవి.

నువ్వు పోయాక తోట అమ్మేశాం. మొన్న చెట్లన్నీ కొట్టేశారు. కిందపడిన కొమ్మ మీది నుంచే ఈ మొక్కను తెచ్చుకున్నాను.