గ్రీన్ అంటే ఎంత మేర

ఫర్న్‌డెన్ హీత్, సర్రే
14 అక్టోబరు 2011

ప్రియమైన లైల్‌కు,

సిరిల్ పెన్‌ఫోల్డ్ నమస్కారాలు. ఇక్కడ మేమంతా క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. నా మోకాళ్ళను మాత్రం ఆ క్షేమంలో కలపకు. అక్కడ పెన్సిల్వేనియాలో నువ్వూ కులాసాగా ఉన్నావనే అనుకుంటాను. ముప్పై అయిదేళ్ళుగా ప్రతి క్రిస్మస్‌కూ నీ కార్డు వస్తూనే ఉంది. జవాబు మా ఆవిడ ఆడ్రీ రాసేది, కింద సంతకం నేను పెట్టేవాణ్ణి. నీకు నా చేత్తో రాయడం ఇదే మొదలు. ఎందుకింత ఆలస్యమని అడగకు, అడిగితే చెప్పే ఓపిక లేదు.

అవసరం పడింది కాబట్టి రాస్తున్నాను, దాచడమెందుకు. మా క్లబ్బుకు కొత్త కెప్టెన్ వచ్చాడు, ఫేర్‌బ్రదర్ అని. పళ్ళ డాక్టరు. ఫ్లోరిడాలో రెండు వారాలు గోల్ఫ్ ఆడి వచ్చాడు, అప్పటినుంచీ ఆయనకు మన కోర్సు నచ్చడం లేదు. ఊదాపూల హెదర్ పొదల్లో బంతులు పోతున్నాయట, పీకించేస్తాడట. బంకర్లన్నీ, ఆ ఇసుక గుంటలన్నీ పూడ్చి, కొత్తవి తవ్వి, తెల్ల ఇసుక పోయిస్తాడట. పధ్నాలుగో గ్రీన్ పక్కన చెరువు కూడా కావాలట. 'ఇది అమెరికా క్లాసిక్ డిజైన్ సిరిల్ గారూ, మీ కాలంలో ఇవన్నీ లేవులెండి' అన్నాడు. మా కాలంలోనే ఒక అమెరికావాడు నాతోపాటు ఏణ్ణర్థం ఇక్కడ గడ్డి కోశాడని ఆ పెద్దమనిషికి ఎలా చెప్పను?

నువ్వు వచ్చిన మొదటి వారం గుర్తుందా? ఆరో హోల్ దగ్గర హెదర్ పొద దాటబోయి దాని వెనకున్న బంకర్లో బోర్లా పడ్డావు. ఇసుక ఉమ్ముకుంటూ లేచి, 'ఏమయ్యా సిరిల్, మీరు గుంటలు తవ్వుతారా, దొంగల్ని మాటు వేయిస్తారా? మా దగ్గర ఇసుక ఎదురుగా నిలబడి రారా చూసుకుందాం అంటుంది. మీది పొదచాటున కూర్చుని నవ్వుతుంది' అన్నావు. నేనూ ఊరుకోలేదు. 'మీకు నేలను వాడుకోవడం చేతకాదు కాబట్టి మట్టి ఎత్తి పోసుకుంటారు. మాకు దేవుడే ఇసుక నేల ఇచ్చాడు, ఉన్న ఎత్తుపల్లాల మీదే గ్రీన్ పరుస్తాం' అన్నాను. షెడ్డులో బేకన్ రొట్టెలు తింటూ రోజూ ఇదే గొడవ. మనతో పనిచేసే ముసలి టెడ్ విసిగిపోయి, 'మీ ఇద్దరికీ పెళ్ళి చేస్తే పీడా పోతుంది' అన్నాడు కూడా.

కానీ నువ్వు చెప్పింది నిజమని లోలోపల నాకు తెలుసు. కోర్సులు కట్టే మీ పాతకాలపు మేస్త్రీలు ఓడలెక్కి వచ్చి మా హీత్‌ల మీద, ఈ పొదల బయళ్ళ మీద, నోటు పుస్తకాలు పట్టుకుని తిరిగారన్నావు. ఇంటికి వెళ్ళాక చూస్తే మీది బంకమట్టి, నీరు ఇంకదు, బంతి నేలమీద దొర్లదు. అందుకే గ్రీన్‌ను ఎత్తుకు లేపారు, బంకర్‌ను లోతు చేసి దాని గోడ ఆటగాడికి కనపడేలా నిలబెట్టారు. ఇక్కడి ఆలోచనే అక్కడి మట్టికి తగ్గట్టు పెద్దదైంది. నువ్వు చూపించిన ఫొటోల్లో ఒక్క చెరువైనా లేదు. ఫేర్‌బ్రదర్ అడుగుతున్నది మీ క్లాసిక్కూ కాదు, మాదీ కాదు. ఏదో హోటలు ముందున్న తోట. ఇదంతా నేను చెబితే వినరు. రిటైరైన గడ్డికోతవాడి మాట ఎవరికి కావాలి? అలసిపోయాను లైల్. రోజూ పొద్దున కుక్కను తీసుకుని ఒక చుట్టు తిరిగి వస్తాను, హెదర్ మధ్య మొలిచిన బర్చ్ మొక్కలు నాలుగు పీకేసరికి నడుం పట్టేస్తుంది.

మొన్న క్లబ్బు వార్షిక విందులో ఫేర్‌బ్రదర్ కూడా ఆ జోకు చెప్పాడు. ఏ కెప్టెన్ వచ్చినా దాన్ని వదలడు. ఇదీ దాని వరస: డెబ్భై ఆరు ఆగస్టు, చుక్క వాన లేదు, 'గ్రీన్ చూసుకో' అని సిరిల్ చెప్పి వెళ్ళాడు. మనకు గ్రీన్ అంటే కోర్సు మొత్తం, హీత్‌తో సహా. పాపం అమెరికావాడికి గ్రీన్ అంటే జెండా చుట్టూ ఉండే పొట్టి గడ్డి. పధ్నాలుగో హోల్ దగ్గర హీత్ తగలబడిపోతుంటే వాడు తొమ్మిదో గ్రీన్‌కు బుద్ధిగా నీళ్ళు పెడుతున్నాడు. హాలంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ప్రతి ఏడూ నవ్వుతూనే ఉన్నాను, ఇక చేత కావడం లేదు.

కాలిన చోట హెదర్ మళ్ళీ ఎంత బాగా వచ్చిందో నువ్వు చూడలేదు. నలభై ఎకరాలు, ఆగస్టులో అంతా ఊదారంగే. ఇప్పుడు వీళ్ళు పీకుతామంటున్నది దాన్నే. నవంబరు 12న దీనిమీద సభ్యుల ఓటు. నువ్వు అక్కడ ఇన్ని పాత కోర్సులను బాగు చేసినవాడివి. అమెరికా క్లాసిక్ అంటే ఏమిటో ఒక అమెరికావాడే చెబితే నోరు మూసుకుంటారు. రెండు ముక్కలు రాసి పంపు. వస్తే మరీ మంచిది. మా అమ్మాయి జిలియన్ గది ఖాళీగానే ఉంది. ఆడ్రీ నిన్ను అడిగినట్టు రాయమంది.

ఇట్లు,
నీ పాత తోటి పనివాడు
సిరిల్

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. ఈ ముక్క రాయకుండా నిన్ను సాయం అడగడానికి మొహం చెల్లలేదు.

ఆ రోజు నేను 'గ్రీన్ చూసుకో' అనలేదు. 'తొమ్మిదో గ్రీన్‌కి నీళ్ళు పెట్టు, పైపు వదిలి కదలకు, నిప్పంటుకోకుండా హీత్ కాపలా నేను చూసుకుంటా' అన్నాను. 'హీత్ దగ్గర నువ్వుంటావు కదా?' అని నువ్వు రెండుసార్లు అడిగావు. ఉంటానన్నాను. పధ్నాలుగో హోల్ దగ్గర పైన్ చెట్టు నీడలో కూర్చుని నిద్రపోయాను. పొగకు లేచాను. క్లబ్బు కమిటీ ముందు ఆ గ్రీన్ కథ అప్పటికప్పుడు నోటికొచ్చింది. నువ్వు నా వైపు చూశావు, కిటికీలోంచి బయట ఏడో నెల కడుపుతో నిలబడ్డ ఆడ్రీని చూశావు. నా ఉద్యోగం పోతే మేముంటున్న క్లబ్బు ఇల్లు కూడా పోతుందని నీకు తెలుసు. టోపీ చేత్తో పట్టుకుని, 'అవునండీ, ఆ మాట నాకు తెలియలేదు' అన్నావు. వారంలో నిన్ను పంపించేశారు. ఆ ఇంట్లోనే జిలియన్ పుట్టింది. ఇప్పుడు ఈ ఉత్తరం రాస్తున్నదీ ఆ ఇంట్లోనే.

మంగళవారం కమిటీకి వెళ్ళి అంతా చెప్పాను. జోకుకు కొత్త ముగింపు కట్టాననుకుని చప్పట్లు కొట్టారు. అందుకే కాగితం మీద రాసి, సంతకం పెట్టి నోటీసు బోర్డుకు గుచ్చాను. సెక్రటరీ తీసేశాడు. నిన్న మళ్ళీ గుచ్చాను.

నువ్వు రాకపోయినా, రాయకపోయినా అది అక్కడే ఉంటుంది. అందులో ఆఖరి వాక్యం ఇది: ఆ మాట లైల్‌కు తెలుసు, బంకర్లో పడి లేచిన ఆ వారమే, చెయ్యి పట్టుకుని హీత్ అంచుదాకా నడిపించి, గ్రీన్ అంటే ఇదంతా అని అతనికి నేర్పింది నేనే.