పెన్‌డ్రైవ్‌కు పెట్టిన పేరు

అన్నా,

రేపటికి నువ్వు పోయి ఏడాది. కండ్లకోయ కాలేజీ బస్సులో నువ్వు పాడిన పాటలున్న పెన్‌డ్రైవ్‌ను నాయిన రోజూ సాయంత్రం కంప్యూటర్‌కు పెడతాడు. తెరమీద నువ్వు చేసిపెట్టిన పాటల బొమ్మను నొక్కి వింటాడు. ఈ వారం ఒకరోజు పాట వచ్చేది, ఒకరోజు వచ్చేది కాదు.

"ఏందమ్మా, వాని పాటలు గూడ పోయినయా?" అన్నాడు.

పోలేదు. మన కంప్యూటర్‌ను నడిపే లినక్స్ ముందు పెట్టిన డ్రైవ్‌ను ఎస్‌డీబీ అంటుంది, తర్వాత పెట్టినదాన్ని ఎస్‌డీసీ అంటుంది. నువ్వు ఆ బొమ్మకు ఎస్‌డీబీలోనే వెతకమని చెప్పావు. నా పెన్‌డ్రైవ్ ముందే పెట్టి ఉన్న రోజున నీది ఎస్‌డీసీ అయ్యేది.

డ్రైవ్‌లోనే ఒక పేరు రాసి, ఆ పేరుతో వెతకమంటే వరసతో పనిలేదు. ఏం పేరు రాయమంటావని నాయిననడిగాను.

"ఇంకేం పేరు? శీను అని పెట్టు."

పెట్టాను. బొమ్మకూ ఆ పేరుతోనే వెతకమని చెప్పాను. ఇక డ్రైవ్ ఎప్పుడు పెట్టినా తెరమీద శీను అని వస్తుంది. నిన్న సాయంత్రం అది చూసి నాయిన వంటింటివైపు తిరిగి "వచ్చిండు" అన్నాడు. అమ్మ స్టవ్ ఆపి వచ్చింది. ఇద్దరూ ఆ పేరు చూస్తూ కూర్చున్నారు. పాట పెట్టమని ఎవరూ అనలేదు.

నీ చెల్లి