చిక్కటిది, పలుచటిది

హాస్టలు, పద్నాలుగో నంబరు గది
జూలై 9

పూజ్యురాలైన అక్కకు,

నీ చెల్లెలు నమస్కరించి రాసేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వూ బావా క్షేమమనీ, బుజ్జిది గోడల నిండా బొమ్మలు గీసే పనిలో తీరిక లేకుండా ఉందనీ నీ దగ్గర్నుంచి ఉత్తరం రాకపోయినా అనుకుంటున్నాను. ఫోనుండగా ఈ ఉత్తరాలేమిటని బావ నవ్వుతాడని తెలుసు. ఫోనులో నేను "హలో" అనగానే తిన్నానో లేదో, ఏడ్చానో లేదో నువ్వు చెప్పేస్తావు. ఉత్తరంలో అయితే నేను చెప్పిందే నీకు తెలుస్తుంది. ఆ మాత్రం స్వేచ్ఛ నాకుండనీ.

ఇక అసలు వార్త. మా కాలేజీలో ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. పాఠం చెప్పే వాళ్లూ, ఆ పాఠాన్ని కిందటేడాది చదివిన విద్యార్థీ జంటగా కూర్చుని కొత్త పుస్తకం తయారు చెయ్యాలి. చదివేవాళ్ల కష్టం చదివినవాళ్లకే తెలుస్తుందని ప్రిన్సిపాలుగారి ఆలోచన. కెమిస్ట్రీ ప్రయోగాల పుస్తకానికి మా మేడమ్ నన్ను ఎంచుకున్నారు. అట్ట మీద ఆవిడ పేరు కింద నా పేరు కూడా వేస్తారట. రెండో ఏడాది పిల్లకి అట్ట మీద పేరు! నాకు కాళ్లు నేల మీద లేవు. నువ్వు మాత్రం ఊరంతా టముకు వెయ్యకు.

పాత పుస్తకం ముప్ఫై ఏళ్ల నాటిది. అందులో మాటలు ఎవరికర్థమవుతున్నాయో చూద్దామని కొత్తగా చేరిన పిల్లలకు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చాం. గాఢ ఆమ్లం అంటే ఏమిటంటే సగం మందికి తెలియదు. సజల ఆమ్లం అన్నచోట రెండు జడల పిల్ల ఒకతి, సజల అనేది దాన్ని కనిపెట్టినావిడ పేరనుకున్నానండీ అని రాసింది. మేడమూ నేనూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వాం. తర్వాత మేడమ్ నవ్వాపుకుని, ఆ పిల్ల తప్పేం లేదు, తప్పు మనదే, నీళ్లు కలిపిందని తెలిసేలా నువ్వైతే ఏమంటావని నన్నడిగారు.

నాకు అమ్మ గుర్తొచ్చింది. పాలు పోయించుకున్నాక చెంబు వంచి చూసేది కదా, చిక్కగా ఉన్నాయా, పలుచగా ఉన్నాయా అని. అదే చెప్పాను. గాఢ అంటే చిక్కటి, సజల అంటే పలుచటి. మేడమ్ వెంటనే గంధకామ్లం సీసాలు రెండూ తెచ్చి వంచి చూశారు. గాఢమైనది నూనెలా బరువుగా జారింది. రెండోది నీళ్లలా పారింది. చూశావా, మాటలోనే గుర్తు కూడా ఉందని మేడమ్ నా భుజం తట్టారు. నేను ఊరుకుంటానా, మొదటి పేజీలో ఒక వాక్యం చేర్చాను: "సీసాను కొంచెం వంచి చూడండి, చిక్కటిది నూనెలా జారుతుంది, పలుచటిది నీళ్లలా పారుతుంది." తర్వాత కంప్యూటరులో ఒక్క మీట నొక్కితే పుస్తకం మొత్తం మీద అరవై ఒక్క చోట్ల గాఢ పోయి చిక్కటి, సజల పోయి పలుచటి వచ్చి కూర్చున్నాయి.

మేం పనిచేసేది ల్యాబు వెనకాల ఇరుకు గదిలో. కిటికీ తెరుచుకోదు. ల్యాబులో గాలిని బయటికి లాగాల్సిన ఫ్యాను తిరగడం మానేసి ఎన్నాళ్లయిందో, దాని రెక్కల మధ్య సాలీడు కాపురం పెట్టింది. సీసాలు నింపే అటెండరును అందరూ సీసాల బాబాయి అంటారు. ఆయన వేళ్ల కొసలు పచ్చగా ఉంటాయి. ముందు పసుపనుకున్నాను. నత్రికామ్లం పడితే చర్మం అలా అయిపోతుందట, కడిగినా పోదట. మేం సీసాలు వంచి మురిసిపోతుంటే ఆయన గుమ్మంలో నిలబడి చూశాడు. ఆ చూపు నాకెందుకో నచ్చలేదు.

బావకు నమస్కారాలు. బుజ్జిదానికి ముద్దులు.

ఇట్లు,
రచయిత్రి కాబోతున్న నీ చెల్లెలు


హాస్టలు
అక్టోబరు 10

అక్కకు నమస్కారాలు.

నీ ఉత్తరం చేరింది. బుజ్జిదాని పన్ను ఊడిన సంగతి చదివి నవ్వుకున్నాను. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. ఆకలే సరిగ్గా వెయ్యడం లేదు. అన్నం ముందు కూర్చుంటే ల్యాబు వాసన వస్తోంది. ఎన్నిసార్లు కడుక్కున్నా చేతులకు అదే వాసన.

పుస్తకం పూర్తయింది. మొన్న సమావేశంలో ప్రిన్సిపాలుగారు నా వాక్యాన్ని పైకి చదివారు. అదేనక్కా, సీసా వంచి చూడమనేది. శాస్త్రం అమ్మ నోటి మాటలా ఉండాలి, ఇదిగో ఇలా, అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నువ్వుంటే ఎంత బాగుండేదో. అచ్చయి రాగానే ముందు మా కాలేజీలో వాడి, తర్వాత మరో ఐదు కాలేజీలకు పంపుతారట.

అంతా బాగానే ఉంది, సీసాల బాబాయి ఒక్కడే మూతి ముడుచుకుని తిరుగుతున్నాడు. పుస్తకంలో మాట మారింది కాబట్టి సీసాల మీద లేబుళ్లు కూడా మార్చాలని ఒకటే గొడవ. ఇప్పుడున్న వాటి మీద గాఢ, సజల అనే ఉంటుంది కదా. కొత్తవి రావడానికి ఆలస్యమవుతుందని ఆఫీసు వాళ్లు చెప్పారు. అయినా వినడు. ల్యాబు వెనక గదిలో నా దగ్గరకు రెండుసార్లు వచ్చాడు. ఇరవై ఏళ్లుగా అలవాటైన మాటలు పోతున్నాయని కడుపుమంట కాబోలు. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల మార్చేసిందని కూడా ఉండొచ్చు. నేను పట్టించుకోలేదు.

నిన్న మేడమ్ ఆఖరి ప్రూఫులు నా ముందు పెట్టి, ఇక దిద్దాల్సిందేమైనా ఉందా, బాగా ఆలోచించి చెప్పు, నేను మూడు తరగతులకు చెప్పుకుంటూ దీన్ని నీ కళ్లతోనే చూస్తున్నాను అన్నారు. ఏమీ లేదన్నాను. ఆవిడ సంతకం పెట్టారు. కింద నేను పెట్టాను. కలం సరిగ్గా రాయక రెండుసార్లు దిద్దాల్సి వచ్చింది.

నాకొకటి చెప్పు. ఒక పని చక్కగా సాగిపోతున్నప్పుడు, అందరూ సంతోషంగా ఉన్నప్పుడు, దాన్ని ఆపి తప్పులు వెతకడం మంచితనమా, చాదస్తమా? ఊరికే అడుగుతున్నాను. కంగారుపడి ఫోను చెయ్యకు.

ఇట్లు,
నీ చెల్లెలు


హాస్టలు
డిసెంబరు 12, శుక్రవారం

అక్కకు నమస్కారాలు.

నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడి క్షేమం గురించి ఏం రాయాలో తెలియడం లేదు. మూడు రోజులుగా నువ్వు ఫోను చేస్తున్నా నేను తియ్యడం లేదని కోపంగా ఉంటావు. ఈ కవరులో ఇంకో మడత కాగితం ఉంటుంది. ఉత్తరమంతా చదివాకే దాన్ని విప్పు.

మంగళవారం ఉదయం మొదటి ఏడాది పిల్లలకు ల్యాబు. కొత్త పుస్తకంతో తొమ్మిదో ప్రయోగం. రాగి ముక్కల మీద పలుచటి నత్రికామ్లం పోసి కొంచెం వేడి చెయ్యాలి. మేడమ్ అవతలి వరుసలో ఉన్నారు. నేను అచ్చయిన పుస్తకం పిల్లల చేతుల్లో ఎలా ఉందో చూద్దామని గుమ్మంలో నిలబడ్డాను. ఒక బల్ల దగ్గర గొట్టంలోంచి ముదురు గోధుమరంగు పొగ భుగ్గున లేచింది. మెల్లగా రావాల్సింది అంత ఎత్తుకు లేచింది. దాని ముందు వంగి చూస్తున్నది ఆ రెండు జడల పిల్లే అక్కా, సజల అంటే ఆడమనిషి పేరనుకున్న పిల్ల. పలుచటిదనుకుని గాఢమైనది పోసింది.

సీసాల బాబాయి పరుగెత్తుకొచ్చి పిల్లలందరినీ బయటికి తోశాడు. ఆ పిల్ల కాస్త దగ్గింది, నీళ్లు తాగింది, భలే రంగు అని నవ్వింది కూడా. మధ్యాహ్నం తరగతికి వెళ్లింది. హమ్మయ్య అనుకున్నాం. ఆసుపత్రికి తీసుకెళ్దామని బాబాయి ఒక్కడే అంటుంటే, పిల్ల నవ్వుతుంటే ఆసుపత్రేమిటని అందరూ కొట్టిపారేశారు. మర్నాడు పొద్దున మెట్లెక్కుతూ సగంలో కూర్చుండిపోయింది. పెదాలు నీలంగా మారాయి. ఆ పొగ లోపలికెళ్లాక తీరిగ్గా తన పని చేసుకుంటుందట, డాక్టరు చెప్పాడు. ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉంది. ఇవాళ వెళ్లాను. వాళ్లమ్మ జడలు విప్పి దువ్వుతోంది. నువ్వు పుస్తకం రాసిన అక్కవు కదా, నీ పుస్తకమే బాగా అర్థమవుతుందని ఎప్పుడూ చెబుతుంటుంది అంది. నేను బయటికి వచ్చేశాను.

నిన్న కమిటీ కూర్చుంది. పుస్తకంలో ఏమైనా పొరపాటుందా అని అడిగారు. ప్రతి వాక్యం ఇద్దరం చూసి సంతకం పెట్టామని మేడమ్ చెప్పి నా వైపు చూశారు. నేను అవునన్నాను. అయితే తప్పు లేబుళ్లదేనని తేల్చారు. పుస్తకంలో ఒక మాట, సీసా మీద ఇంకో మాట ఉంటే, సీసాలు నింపేవాడు చూసుకోవద్దా అన్నారు. ఇంకో ఏడాదిన్నరలో రిటైరు కావాల్సిన మనిషిని సోమవారం పనిలోంచి తీసేస్తారు.

ఈ సంగతి ముందే ఎవరికైనా చెప్పావా అని ఆయన్ని అడిగారు. బాబాయి నా వైపు చూశాడు. కోపంగా కాదక్కా, తరగతిలో జవాబు వచ్చిన పిల్ల చెయ్యి ఎత్తకపోతే మాష్టారు చూస్తారే, అలా. "చెప్పాల్సినవాళ్లకి చెప్పానండి. వాళ్లే చెబుతారు" అన్నాడు. ఆఫీసులో లేబుళ్ల గురించి చెప్పిన మాటేననుకున్నారు అందరూ. నేను చెయ్యి ఎత్తలేదు.

మేడమ్ బయటికొచ్చి నా చెయ్యి పట్టుకుని, పాపం ముసలాయన, కానీ మన పుస్తకం నిలబడింది, అదే నయం అన్నారు. సోమవారం మధ్యాహ్నమే ఐదు కాలేజీలకూ కట్టలు బయల్దేరుతున్నాయి. వరండాలో వరసగా పేర్చి, తాడు బిగించి పెట్టారు. తరగతికి వెళ్లాలంటే వాటి పక్కనుంచే వెళ్లాలి. పై పుస్తకం మీద నా పేరు కనిపిస్తోంది.

ఇంక రాయడానికేమీ లేదు. బుజ్జిది జాగ్రత్త.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: రాయడానికేమీ లేదన్నది అబద్ధం. అక్టోబరులో రాసిందీ అబద్ధమే. బాబాయి నా దగ్గరకు వచ్చింది లేబుళ్ల గొడవ కోసం కాదు. రెండోసారి వచ్చినప్పుడు రెండు గాజు గొట్టాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. రెండింట్లోనూ నత్రికామ్లమే, ఒకటి గాఢం, ఒకటి సజలం, రెండూ రంగు లేకుండా ఉన్నాయి. పుస్తకంలో రాశావుగా, వంచి చూసి చిక్కటిదేదో చెప్పమ్మా అన్నాడు. వంచాను. రెండూ నీళ్లలాగే పారాయి. ఆ గుర్తు గంధకామ్లానికే సరిపోతుంది, దీనికి పనికిరాదు. ఏదో ఒకటి చూపించాలి కాబట్టి చూపించాను. తప్పు చూపించాను. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని అక్కా, అయినా తప్పు చూపించాను. మేడమ్‌కు చెప్పి ఆ వాక్యం తీయించేస్తానని ఆయనకు మాటిచ్చాను. మర్నాడే ప్రూఫులు నా ముందుకు వచ్చాయి. చప్పట్లు కొట్టించుకున్న వాక్యం అది. ఏమీ లేదన్నాను.

మడత కాగితంలో ఉన్నది ఆ రోజు ఆయన నేను మర్చిపోకుండా రాసిచ్చిన చీటీ. "నత్రికామ్లం చిక్కగా ఉండదమ్మా. వంచి చూడమనొద్దు. పిల్లలు పుస్తకంలో ఉన్నట్టే చేస్తారు." కింద తేదీ కూడా వేశాడు. రెండు నెలలుగా అది నా దగ్గరే ఉంది. రెండుసార్లు చింపబోయాను. ఇక నా దగ్గర ఉంచుకోను.

సోమవారం పదింటికి మళ్లీ కమిటీ, బాబాయిని తీసేసే కాగితం మీద సంతకాలు పెట్టడానికి. నేనే వెళ్లి చెబుతానని ఇప్పుడు అనుకుంటున్నాను. కానీ నా మాట ఎంతవరకు నిలుస్తుందో నీకు తెలిసింది కదా. కొరియరులో వేస్తున్నాను, ఈ ఉత్తరం రేపటికి నీకు అందుతుంది. ఆదివారం బస్సెక్కు. నేను లేచి నిలబడకపోతే, నన్ను చూడకుండా, ఆ చీటీ తీసుకెళ్లి వాళ్ల బల్ల మీద పెట్టు. కట్టలు బయల్దేరకుండా ఆపు. మంగళవారం ల్యాబు గుమ్మంలో నిలబడి నేను చూసింది పొగ ఒక్కటే కాదు. ఆ పిల్ల వేలు పెట్టి నా వాక్యం చదువుకుంది. రెండు సీసాలనూ ఒకదాని తర్వాత ఒకటి కొంచెం వంచి, తల పక్కకు పెట్టి శ్రద్ధగా చూసింది. ఏది పలుచనో తేల్చుకోలేక, చేతిలో ఉన్న సీసాను కాస్త పైకెత్తి, ఇదేనా అన్నట్టు గుమ్మంలో ఉన్న నా వైపు చూసింది. నేను నవ్వి, తల ఊపాను.